పెద్దబావ మేడమీద సూది

మా పెద్దబావ అమ్మేవి కమోడ్లు. ఆ మాట ఆయన ఎదుట అనకూడదు, 'బాత్రూమ్ ఫిట్టింగ్స్' అనాలి. కుళాయిలూ వాష్‌బేసిన్లూ టబ్బులూ కూడా అమ్ముతాడు కాబట్టి అది అబద్ధమేమీ కాదు. కానీ ఆయన్ని ఇంతవాణ్ణి చేసినవి మాత్రం కమోడ్లే. పొద్దున లేచేసరికి ఊళ్ళో సగంమంది మా బావ చలవవల్లే కూర్చోగలుగుతున్నారని మా చిన్నబావ అంటుంటాడు. చిన్నబావది పరుపుల వ్యాపారం. రాత్రి ఊరిని పడుకోబెట్టేది ఆయన, పొద్దున్నే కూర్చోబెట్టేది ఈయన. ఇద్దరక్కలకీ నేనొక్కణ్ణే తమ్ముణ్ణి కనక ఇద్దరిళ్ళ సంగతులూ నా చెవిన పడతాయి. పైగా పెద్దబావ షోరూమ్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చునేది నేనే.

చేతిలో నాలుగు డబ్బులు చేరాక పెద్దబావ నదికి ఇవతలి ఒడ్డున కట్టిన మేడలో అన్నిటికన్నా పై అంతస్తు కొన్నాడు. అప్పటికి ఊళ్ళో దాన్ని మించిన కట్టడం లేదు. బ్రిడ్జి మీంచి చూసినా, బస్టాండులోంచి చూసినా, రైలు ఊళ్ళోకి వస్తూ మలుపు తిరిగినప్పుడు చూసినా ముందు కంటపడేది అదే. మిగతా భవనాలన్నీ దాని మోకాళ్ళ దగ్గర చేరి కబుర్లు వింటున్నట్టుండేవి. "ఇల్లెక్కడండీ?" అని ఎవరైనా అడిగితే పెద్దబావ వీధి పేరు చెప్పడం మానేశాడు. "ఎక్కడున్నారో అక్కడే నిలబడి తలెత్తండి" అనేవాడు. క్యాలెండర్ మీద గానీ, బిస్కట్ ప్యాకెట్ మీద గానీ, మున్సిపాలిటీ చెత్తబండి మీద గానీ ఊరి బొమ్మ ఎక్కడ వేసినా అందులో ఆ మేడ ఉండాల్సిందే. చెత్తబండి ఎదురైనా సరే, బావ కారాపి, ముక్కు మూసుకుని మరీ ఆ బొమ్మ చూసుకునేవాడు.

అంత ఎత్తున కాపురం ఎలా ఉంటుందో పెద్దక్కనడగాలి. వానాకాలంలో ఆవిడ నాకు ఫోన్ చేసేది.

"ఒరే తమ్ముడూ, కింద వాన పడుతోందా?"

"కిటికీలోంచి చూసుకోవచ్చు కదక్కా."

"కిటికీలో తెల్లగా మబ్బు తప్ప ఇంకేం లేదురా. గొడుగు తీసుకెళ్ళాలా వద్దా, అది చెప్పు చాలు."

లిఫ్టులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. అందరూ తలలెత్తి అంకెలు మారడం చూస్తుంటారు, పరీక్ష ఫలితాలు వస్తున్నట్టు. ఇక పెద్దబావ వాళ్ళమ్మగారు, అంటే అక్క అత్తగారు, నాకూ అత్తయ్యగారే, ఆవిడకి ఆ ఇల్లు మొదటి రోజు నుంచీ నచ్చలేదు. "కాకి కూడా ఎక్కని కొంప" అనేది. "దొంగ కూడా ఇంత పైకి రాడు. మనిషన్నాక కనీసం దొంగకైనా అందుబాటులో ఉండాలి."

ఇలా ఉండగా ఒక ఆదివారం చిన్నక్కా చిన్నబావా భోజనానికొచ్చారు. చిన్నబావ తాపీగా తిని, మజ్జిగ దాకా వచ్చాక, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు.

"అన్నట్టు అన్నయ్యగారూ, అవతలి ఒడ్డున కొత్తది కడుతున్నారు కదా, దాంట్లో మేమూ ఒకటి తీసుకున్నాం."

"చాలా సంతోషం" అన్నాడు పెద్దబావ. "ఎన్నో ఫ్లోరు?"

"పైదే."

"ఎంత ఎత్తొస్తుందిట?"

"మీకన్నా కాస్త ఎక్కువంటున్నారు. పెద్ద తేడా ఏం లేదులెండి. మీరు బాల్కనీలో నిలబడితే పైనుంచి మీ బట్టతల కనిపిస్తుంది, అంతే."

పెద్దబావ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అక్కలిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకుని మంచినీళ్ళు తాగారు. అత్తయ్యగారు మాత్రం విస్తుపోలేదు.

"అయితే ఇకనుంచి తువ్వాలు కట్టుకుని బాల్కనీలోకి రాకురా ఒరే" అంది కొడుకుతో.

ఆ పూట మొదలు పెద్దబావకి మనశ్శాంతి పోయింది. ఒక దుర్భిణీ కొన్నాడు. పొద్దున్నే కాఫీ కప్పుతో బాల్కనీలో నిలబడి అవతలి ఒడ్డుకేసి చూడడం, లోపలికొచ్చి అక్కకి చెప్పడం. "మన మొలదాకా వచ్చింది." కొన్నాళ్ళకి, "భుజాలదాకా వచ్చేసింది." షోరూమ్‌లో కూడా అదే ధ్యాస. ఒకావిడ వాష్‌బేసిన్ ఎంత ఎత్తులో పెట్టించుకోమంటారని అడిగితే, "ఎంత ఎత్తులో పెట్టించుకున్నా పక్కవాడు ఇంకా ఎత్తులో పెడతాడమ్మా" అన్నాడు. ఆవిడ ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది.

చివరికి ఒక ఉపాయం తట్టింది. మేడ మీద అంతస్తులు వేయడానికి ఎలాగూ ఒప్పుకోరు. కానీ ఒక శిఖరం నిలబెడితే? అదీ ఎత్తులోకే వస్తుందని ఎవరో చెప్పారు. పెద్దబావ ఆ మేడలో ఉండేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. ఆ పదవికి ఇంకెవరూ నిలబడలేదు గనక ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. వెంటనే మీటింగు పెట్టించాడు.

మీటింగులో అడ్డుపడింది పళ్ళ డాక్టరొక్కడే. "పన్ను మీద టోపీ వేస్తాం, నిజమే. కానీ ఇంత పొడుగు టోపీ వేస్తే ఇక నోరు మూతపడదండీ" అన్నాడు.

పెద్దబావ వాదించలేదు. గోడ మీద రెండు బొమ్మలు వేయించి చూపించాడు. రెండూ సూర్యాస్తమయంలో నది మీంచి కనిపించే మన ఊరే. మొదటి దాంట్లో అవతలి మేడ ఠీవిగా నిలబడితే, మనది పెద్దమనిషి వెనకాల సంచీ పట్టుకున్న గుమాస్తాలా ఉంది. రెండో దాంట్లో మన నెత్తిన సూదిలా సన్నగా, పొడుగ్గా శిఖరం ఉంది. ఇప్పుడు గుమాస్తా అవతలివాడు. హాల్లో ఎవరూ నోరెత్తలేదు. చేతులు మాత్రం లేచాయి. పళ్ళ డాక్టరు చెయ్యి కూడా లేచింది.

శిఖరాన్ని తయారుచేసే పని ఒక గడ్డం శిల్పికి అప్పగించారు. ఆయన మాట్లాడితే సగం అర్థమయ్యేది కాదు. బోలుగా ఉన్న ఉక్కు గొట్టం, దానికి పొడుగునా చీలికలు పెడతానన్నాడు.

"చీలికలెందుకండీ?" అన్నాడు పెద్దబావ.

"గాలిని ఎదిరించకూడదు. గాలితో సంభాషించాలి."

"సంభాషణ నాకక్కర్లేదండీ. పొడుగుంటే చాలు."

"రెండూ ఉంటాయి" అన్నాడు శిల్పి. అన్నమాట తప్పలేదు.

క్రేన్లు వచ్చాయి, సూది లేచింది. అవతలి మేడ కూడా అప్పటికి పూర్తయి, చిన్నబావ వాళ్ళు అందులోకి చేరారు. దుర్భిణీ పెట్టుకుని చూసి, తాళ్ళు పట్టి కొలిపించి, అవతలి దానికన్నా మనది మనిషెత్తు ఎక్కువుందని రూఢి చేసుకున్నాక పెద్దబావ ప్రారంభోత్సవం పెట్టాడు. మేడ పైన పచ్చిక వేసిన డాబా మీద కుర్చీలు, పూలు, మైకు. రిబ్బను కత్తిరించడానికి మేయరుగారొచ్చారు. ఆవిడ గంభీరమైన మనిషి. చిన్నబావని ముందు వరసలో కూర్చోబెట్టాడు పెద్దబావ. తలెత్తి చూడడానికి అక్కడైతే మెడ బాగా నొప్పెడుతుందని.

సాయంత్రమైంది. పెద్దబావ కొత్త కోటు వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. "మన నగరం తలెత్తుకుని నిలబడడానికి..." అని అందుకున్నాడో లేదో, నది మీంచి గాలి తిరిగింది.

పైన సూదిలోంచి చప్పుడొచ్చింది.

ఎలాంటి చప్పుడో మర్యాదగా చెప్పడం కష్టం. ముందు సన్నగా, అనుమానంగా మొదలైంది. తర్వాత ధైర్యం తెచ్చుకుంది. మధ్యలో ఒకసారి ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ గట్టిగా అందుకుని, చివర్లో చిన్న కొసరుతో ముగిసింది. చప్పుడు నిజానికి ఆకాశంలోంచి వచ్చింది గానీ, అలాంటి చప్పుడు వింటే మనిషి ఆకాశం వంక చూడడు, పక్కవాడి వంక చూస్తాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్కొక్కరూ కుర్చీల్లో సర్దుకున్నారు. నా ముందున్న పెద్దమనిషి చిన్నగా దగ్గి, దగ్గుతోనే నిర్దోషినని చెప్పుకున్నాడు. మేయరుగారు కత్తెర చేత్తో పట్టుకుని ఎటు చూడాలో తోచక ఆ వరసలో అందరికన్నా పెద్దావిడ వంక చూశారు.

"నావంక చూస్తారేమిటమ్మా?" అంది అత్తయ్యగారు. "ఈ వయసులో నాకంత సత్తువెక్కడిది?"

పెద్దబావ మైకు సర్ది, "సాంకేతిక కారణాలవల్ల..." అన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే సూది మళ్ళీ అందుకుంది, ఈసారి ఇంకా నిండుగా. అంతే, చిన్నబావ కుర్చీలోంచి కిందకి జారిపోయాడు. మేయరుగారు రిబ్బను కత్తిరించబోయి తన కొంగు కత్తిరించుకున్నారు. ఆవిడ భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారేమో అనుకున్నాను. కాదు.

నేను పెద్దక్కని వెతుక్కుంటూ కింద వాళ్ళింట్లోకి వెళ్ళాను. వంటింట్లో నేలమీద కూర్చుని, ఫ్రిజ్‌కి ఆనుకుని, చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ ఇంట్లోకొచ్చాక అక్క అలా నవ్వడం నేను చూడలేదు.

"మీ బావ చూస్తే చంపేస్తాడురా" అంది, మళ్ళీ విరగబడి నవ్వింది.

ఊరు ఊరంతా ఆ మేడకి కొత్త పేరు పెట్టింది. ఆ పేరు నేను రాయను, మీరు ఊహించుకోగలరు. టాక్సీవాళ్ళకి ఆ పేరు చెబితేనే తెలుస్తుంది. సాయంత్రం గాలి తిరిగే వేళకి జనం బ్రిడ్జి మీదకి పిల్లల్ని తీసుకొచ్చేవారు. బడిలో ఎవడైనా తప్పు పని చేస్తే "నేను కాదు టీచర్, మేడ" అనడం మొదలుపెట్టారు. మా షోరూమ్‌కి ఎప్పుడూ లేనంత బేరాలు. మేడకీ మా సరుకుకీ ఏదో సంబంధం ఉందని జనానికి ఎలాగో అనిపించింది. ఒకాయన నవ్వు ఆపుకుంటూ, "చప్పుడు రాని మోడల్ ఉందాండీ?" అనడిగాడు. లోపలి గదిలోంచి పెద్దబావ విన్నాడు. ఆరోజు భోజనం చేయలేదు.

పరువు పోయిందని ఆయన బాధ. మనిషి సగమైపోయాడు. శిల్పిని పిలిపిస్తే, ఆయన కళ్ళు మూసుకుని కాసేపు విని, "అద్భుతం" అన్నాడు. చీలికలు మూసేయమంటే అది హత్య అన్నాడు. దాంతో ఇక ఆయన్ని పిలవడం మానేసి, గొట్టంలో ఏదైనా కుక్కించాలని నిర్ణయించారు. ఏం కుక్కాలి? మెత్తగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, చప్పుణ్ణి పీల్చుకోవాలి.

"ఫోమ్" అన్నాను నేను.

పెద్దబావ నావంక చూసిన చూపు నేను మర్చిపోలేను. ఊళ్ళో ఫోమ్ అంతా చిన్నబావ గోడౌన్లోనే ఉంది.

వెళ్ళక తప్పలేదు. చిన్నబావ తన కొట్లో పెద్ద పరుపు మీద కూర్చుని మమ్మల్ని చూసి లేచాడు. "రండి అన్నయ్యగారూ. నడుం నొప్పికా?"

"కాదు" అన్నాడు పెద్దబావ. "ఫోమ్ కావాలి. ముక్కలైనా ఫరవాలేదు."

"ఎందుకో తెలిస్తే సరైన రకం ఇస్తాను."

"ఎందుకో నీకు తెలుసు."

"తెలుసనుకోండి. మీ నోటితో వింటే అదో తృప్తి."

పెద్దబావ పళ్ళు బిగపట్టి, ఏదోలా చెప్పాడు. చిన్నబావ పైసా తీసుకోలేదు. లారీ నిండా పంపించాడు, పైగా "త్వరగా కోలుకోండి" అని ఒక చీటీ కూడా అంటించి.

పనివాళ్ళు ఎక్కి అదంతా కుక్కారు. సాయంత్రం గాలి తిరిగింది. మేమంతా ఊపిరి బిగపట్టి నిలబడ్డాం. చప్పుడు ఆగిపోలేదు. మారింది. ఇదివరకు ధారాళంగా వచ్చేది ఇప్పుడు సన్నగా, పీలగా, పెద్దల మధ్య ఇరుక్కున్నవాడు ఆపుకోలేక ఆపుకుంటున్నట్టు కీచుమంటూ సాగింది. ఎంతకీ తెమలదు. వినేవాళ్ళకే కడుపులో నొప్పొచ్చేలా ఉంది.

"ఒరే, దాన్నలా బాధ పెట్టకురా" అంది అత్తయ్యగారు. "వదిలేయనీ."

వారం తిరక్కుండా పెద్ద గాలొచ్చింది. ఏదో ధడేలుమంది. ఆ వెంటనే నా ఫోన్ మోగింది.

"ఒరే తమ్ముడూ, కింద ఏం పడుతోందిరా?" అంది పెద్దక్క.

బయటికొచ్చి చూస్తే పసుప్పచ్చటి ఫోమ్ ముక్కలు ఊరంతా మెల్లగా, తేలుతూ కురుస్తున్నాయి. ఒకటి ట్రాఫిక్ కానిస్టేబుల్ టోపీ మీద వాలింది. ఇస్త్రీ చేసే ఆవిడ ఒకటి పట్టుకుని చూసి, "మంచి రకమే" అని దాచుకుంది.

సంఘం మళ్ళీ సమావేశమైంది. తేల్చుకోవాల్సింది ఒక్కటే: సూదిని ఉంచడమా, పీకేయడమా? పీకేస్తే చప్పుడుండదు, కానీ ఊళ్ళో రెండో మేడ అయిపోతుంది. ఉంచితే ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తు మనదే, కానీ ఊరికీ మనకీ మధ్య ఆ చప్పుడుంటుంది. మీటింగులకి ఎన్నడూ రానివాళ్ళు కూడా ఆరోజు వచ్చారు. కుర్చీలు చాలక కొందరు గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

ఒక రిటైర్డ్ జడ్జిగారు లేచారు. "నాకు చెవులు వినపడవు. కళ్ళు బాగానే ఉన్నాయి. నా కేసు స్పష్టం. ఉంచండి" అని కూర్చున్నారు.

"మా ఇంటికి చుట్టాలు రావడం మానేశారండీ" అందొకావిడ.

"అయితే ఉంచాల్సిందే" అన్నాడు వెనకనుంచి వాళ్ళాయన.

సంగీతం టీచరు మాత్రం సమస్య చప్పుడుతో కాదని, శ్రుతితో అని అంది. "కాస్త పైకి లాగితే వేణువులా ఉంటుంది. ఇప్పుడది రెంటికీ మధ్యలో ఉంది, అందుకే అలా అనిపిస్తుంది." ఎలా అనిపిస్తుందో ఆవిడ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

పెద్దబావ అధ్యక్షస్థానంలో కూర్చుని ఎవరు మాట్లాడితే వాళ్ళకి తలూపుతున్నాడు. ఆయనకేం కావాలో ఆయనకే తెలియట్లేదని నాకు తెలుస్తూనే ఉంది. పీకేద్దామంటే అవతలి బాల్కనీలో తోడల్లుడు కళ్ళముందు మెదులుతాడు. ఉంచుదామంటే ఇవతల ఊరంతా. అప్పుడు పెద్దక్క లేచింది. ఆవిడ నలుగురిలో మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు, బావా చూసి ఉండడు.

"నేనొక మాట చెబుతాను" అంది. "మేం ఈ మేడలోకొచ్చి ఇన్నేళ్ళయింది. మా ఎదురింటావిడ లిఫ్టులో నాతో మొదటిసారి మాట్లాడింది మొన్న. ఏమందో చెప్పనా? 'ఇవాళ కాస్త అజీర్తి చేసినట్టుంది కదండీ' అంది. ఇద్దరం నవ్వుకుంటూ కిందకి దిగాం, వీధి చివరిదాకా వెళ్ళాం. ఇప్పుడు రోజూ కలిసి నడుస్తున్నాం. సూది ఎత్తో పొట్టో నాకు పట్టదు. ఉంటే మంచిదే."

ఎదురింటావిడ చప్పట్లు కొట్టింది. పెద్దబావ భార్య వంక కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. ఓట్లు వేశారు. ఉంచాలన్నవాళ్ళే ఎక్కువయ్యారు. అందరూ అక్క మాట విని వేశారని నేననుకోను. రెండో స్థానం మింగుడుపడనివాళ్ళే ఎక్కువ. పళ్ళ డాక్టరు నాతో చెప్పాడు: "వాసన రాదు కదండీ. సర్దుకుపోవచ్చు."

ఇక అవతలి ఒడ్డు సంగతి. అక్కడివాళ్ళు కూడా మనుషులే. డబ్బు పోసి ఊళ్ళో ఎత్తైన మేడ కొనుక్కుంటే తీరా చేరాక అది రెండోదైంది. అదీ ఇలాంటి మేడ తర్వాత. వాళ్ళ సంఘానికి అధ్యక్షుడెవరో వేరే చెప్పక్కర్లేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు చిన్నబావ కూడా సూది పెట్టించాడు. పెట్టించినవాడు అదే గడ్డం శిల్పితో పెట్టించాడు. "ఒకసారి చేశాడు కదా, అనుభవం వచ్చి ఉంటుంది" అన్నాట్ట. చీలికలు వద్దని మాత్రం గట్టిగా చెప్పాడు. చీలికలు పెట్టలేదు. కానీ పైన మూత పెట్టమని ఎవరూ చెప్పలేదు, శిల్పీ పెట్టలేదు.

ఆ సూది లేచిన సాయంత్రం నేను పెద్దబావ వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆయన దుర్భిణీ పట్టుకుని చూసి, దాన్ని టేబులు మీద పెట్టేసి, సోఫాలో కూలబడ్డాడు. "అయిపోయింది" అన్నాడు. "మనకన్నా ఎత్తు." రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు పాపం. ఎత్తూ పోయింది, పరువూ పోయింది, మిగిలింది చప్పుడొకటే.

గాలి తిరిగింది. మన సూది ఎప్పట్లాగే అందుకుంది. చివరి కొసరు దాకా వచ్చి ఆగింది. అప్పుడు నది అవతలినుంచి జవాబొచ్చింది. బొంగురుగా, లోతుగా, కడుపులోంచి, బాగా తిని ఎండలో కూర్చున్న పెద్దమనిషి వదిలినట్టు. మాది కాసేపాగి మళ్ళీ ఏదో అడిగింది. వాళ్ళది ఇంకా దీర్ఘంగా చెప్పింది.

పెద్దబావ తలెత్తాడు. అత్తయ్యగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింది. "వాడిది మరీ మొరటుగా ఉందిరా" అంది. "మనదే నయం. ఒక పద్ధతుంది."

పెద్దబావ మొహంలో ఏదో కదిలింది. ముందు ముక్కుపుటాలు, తర్వాత మీసం, ఆపైన పొట్ట. నవ్వుతున్నాడని అర్థం కావడానికి మాకు కాసేపు పట్టింది. పగలబడి, దిండు పట్టుకుని, "ఇంకోసారి రానీ, ఇంకోసారి" అంటూ నవ్వాడు. అక్క వచ్చి పక్కన కూలబడింది. ఇన్నాళ్ళూ వంటింట్లో దాక్కుని నవ్వుకున్నదంతా ఆవిడ హాల్లో కూర్చుని బాహాటంగా నవ్వుకుంది.

ఫోన్ మోగింది. చిన్నబావ. పెద్దబావ కళ్ళు తుడుచుకుని స్పీకర్ ఆన్ చేశాడు.

"అన్నయ్యగారూ..." గొంతు పీలగా ఉంది.

"చెప్పు తమ్ముడూ."

"మీరందులో ఏం కుక్కించారు? ఫోమేనా, ఇంకేమైనానా?"

"మీ ఫోమే."

"పనిచేసిందా?"

"నువ్వు చూశావుగా. వానలా కురిసింది."

అవతల వెనకాలనుంచి చిన్నక్క నవ్వు తెరలు తెరలుగా వినిపిస్తోంది.

"ఆదివారం భోజనానికి రండి" అన్నాడు చిన్నబావ చివరికి. "అందరూ రండి. ఒంటరిగా ఉండలేకపోతున్నాం."

వెళ్ళాం. ఆ మేడలోకి పెద్దబావ అడుగుపెట్టడం అదే మొదలు. లిఫ్టులో అంకెలు మారుతుంటే మన ఫ్లోరు అంకె దాటినప్పుడు ఒక్కసారి గుటక వేశాడు. భోజనం చేశాం. బాల్కనీలో కుర్చీలు వేసుకుని తోడల్లుళ్ళిద్దరూ టీ తాగారు. ఎదురుగా నది, నదికి అవతల మా మేడ.

"మీరు పీకేయండి అన్నయ్యగారూ" అన్నాడు చిన్నబావ. "మీరు పీకేస్తే మేమూ పీకేస్తాం."

"ముందు నువ్వు పీకు."

"ముందు పెట్టింది మీరు కదా. ముందు పీకాల్సిందీ మీరే."

"నేను పీకాక నువ్వు పీకకపోతే?"

"నా మాట మీద నమ్మకం లేదా?"

"నీ మాట మీద ఉంది. నీ ఎత్తు మీద లేదు."

"అయితే ఇద్దరం ఒకేసారి పీకిద్దాం. ఒకే రోజు, ఒకే గంటకి."

"ఎవడిది ముందు కిందకి దిగిందో ఎవరు చూస్తారు?"

అక్కలిద్దరూ లోపల కూర్చుని ఇదంతా విని తలలు కొట్టుకున్నారు. "పీకనివ్వకే" అంది చిన్నక్క మెల్లగా. "ఈయన మొన్నటినుంచి రాత్రిపూట నాతో కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. నలుగురిలోకీ వెళ్ళాలంటే మొహం చెల్లట్లేదట."

"నాకేం తొందర లేదు" అంది పెద్దక్క.

అత్తయ్యగారు బాల్కనీ గుమ్మంలోకొచ్చి నిలబడింది. "ఒరే, ఇద్దరికీ చెబుతున్నాను. నిలబెట్టేటప్పుడు నన్నడగలేదు, పీకేటప్పుడూ అడక్కండి. నాకిప్పుడు సాయంత్రం ఏమీ తోచకపోవడం లేదు. అది చాలు."

ఆ చర్చ ఆరోజు తేలలేదు. ఆ తర్వాత ఆదివారం పెద్దబావ వాళ్ళింట్లో జరిగింది, తేలలేదు. ఇప్పుడు ఒక వారం అక్కడా ఒక వారం ఇక్కడా జరుగుతోంది. ఇద్దరూ ఒప్పందం షరతులు మార్చుకుంటూ, టీలు తాగుతూ, మధ్యలో గాలి తిరిగితే ఆగి వింటూ గడుపుతున్నారు. సూదులు రెండూ ఉన్న చోటే ఉన్నాయి.

మొన్న చిన్నబావ వాళ్ళింటినుంచి తిరిగొస్తూ పెద్దబావ బ్రిడ్జి మధ్యలో కారాపించాడు. ఇంకా వెలుగుంది. దిగి రెయిలింగు దగ్గరికెళ్ళాడు, నేనూ వెళ్ళాను. అటూ ఇటూ రెండు మేడలూ ఎర్రటి ఎండలో నిలబడి ఉన్నాయి. జనం గాలికోసం ఎదురుచూస్తున్నారు. ఒక కుర్రజంట బావ చేతిలో ఫోన్ పెట్టి, ఒక ఫోటో తీసిపెట్టమని అడిగారు. ఎవరో వాళ్ళకి తెలియదు.

"ఏ మేడ పడాలమ్మా?" అన్నాడు బావ.

"రెండూ పడాలండీ. రెండూ ఉంటేనే కదా మన ఊరని తెలిసేది."

బావ వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి, ఒక మోకాలు మీద కూర్చుని, కష్టపడి ఇద్దరినీ రెండు మేడల్నీ ఒక్క ఫోటోలో ఇరికించాడు. ఫోన్ తిరిగిచ్చేస్తూ, ఆ అవతలిది చూపించి, "ఆ పొడుగుది మా తోడల్లుడిది" అన్నాడు.

వాళ్ళు ఏమనేవారో గానీ, ఈలోగా వెనకాల కానిస్టేబుల్ ఈల వేసుకుంటూ వచ్చి, బ్రిడ్జి మీద కారాపడానికి ఇది మీ బాబుగారి డాబా అనుకున్నారా అని కేకలేశాడు. మేం గబగబా కారెక్కి పోనిచ్చాం.